నాయన దగ్గు ఏమైపోయింది?



పాత క్యాసెట్లలో ఉన్న పెద్దల గొంతులను, సంఘములో పాడిన పాటలను బాగుచేసుకోవడము ఎలాగని చాలామంది అడుగుతూ ఉన్నారు. ఈ నెల శీర్షిక దాని గురించే. అయితే ఉపాయములు చెప్పడానికి ముందు మేము చేసిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకోవలెను. ఆ పొరపాటు వలన నేర్చుకున్నదే ఈ శీర్షికలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి.

పుత్తూరు దగ్గర ఒక పల్లె నుండి ఒక సహోదరి తన కుమార్తెను వెంటబెట్టుకొని ఒకరోజు మా ఇంటికి వచ్చారు. సంచిలో నుండి తుండుగుడ్డలో చుట్టిన ఒక క్యాసెట్టు తీసి బల్లమీద పెట్టారు. "ఇది మా అత్త గొంతు సార్. ఇంకెక్కడా లేదు. మా ఇంటాయన వినాలని అడగతాండాడు. ఏ టేప్‌రికార్డర్లో ఏసినా పలకలేదు" అన్నారు.

1988లో ఆ సహోదరి భర్త కువైట్‌లో పనిచేస్తూ ఉండేవారు. కడప, చిత్తూరు జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు పోయిన కుటుంబాల సంగతి మీకు తెలిసినదే. ఆ రోజుల్లో పల్లెలో ఫోను లేదు. ఉత్తరము చేరడానికి వారాలు పట్టేది. పైగా ఆ తల్లికి చదువు రాదు. అటువంటి తల్లులు టేప్‌రికార్డరు ముందు కూర్చుని మనసులోని మాటలన్నీ చెప్పి, సెలవుకు వచ్చి తిరిగిపోయేవారి చేతికి ఆ క్యాసెట్టు ఇచ్చి పంపేవారు. ఇది అటువంటి క్యాసెట్టే. ఒక వైపున తల్లి మాటలు. రెండవ వైపున అదే ఆదివారము వారి సంఘములో హార్మోనియముతో పాడిన పాటలు.

మేము చేసిన పనిని వరుసగా చెబుతాము. మీ ఇంట్లోనూ ఇటువంటి క్యాసెట్టు ఉంటే ఉపయోగపడుతుంది.

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో మొదటిసారి ప్రపంచానికి చూపించింది. లోపలి టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. సన్నని ప్లాస్టిక్ రిబ్బను మీద ఇనుప ఆక్సైడు పొడిని, అంటే మనము తుప్పు అనేదాని జాతి పొడినే, జిగురుతో పట్టించి ఉంటారు. మాట ఆ పొడిలో అయస్కాంతపు గుర్తులుగా నిలిచి ఉంటుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగముతో హెడ్‌ను రాసుకుంటూ పోతే ఆ గుర్తులు మరల శబ్దమవుతాయి. కావున జిగురు వదిలినా, టేపు ముడతపడినా, హెడ్‌కు సరిగా ఆనకపోయినా మాట పోతుంది.

ఈ క్యాసెట్టులో పోయినది చిన్న వస్తువే. టేపును హెడ్‌కు ఆనించి పట్టే ఒక చిన్న మెత్తని ముక్క ఉంటుంది. అది రాలిపోయింది. అందుకే ఏ టేప్‌రికార్డర్లో వేసినా గొణుగుడు తప్ప మాట రాలేదు. మేము స్క్రూలు ఉన్న ఒక మంచి క్యాసెట్టు డొక్కును తెచ్చి, లోపలి టేపు చుట్టలు రెండింటినీ మెల్లగా అందులోకి మార్చాము. వేలి చెమట టేపుకు తగలకుండా జాగ్రత్తపడ్డాము. తరువాత మా టేప్‌డెక్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడిచి ఆరనిచ్చాము. క్యాసెట్టును ఒకసారి చివరిదాకా, మరల మొదటిదాకా తిప్పాము. ఏళ్ల తరబడి కదలని చుట్టలు ఇట్లు తిప్పితే ఒకదానికొకటి అంటుకోకుండా వదులవుతాయి.

అప్పుడు గొంతు వచ్చింది. కాని అది చిన్నపిల్ల గొంతువలె సన్నగా, హడావుడిగా ఉన్నది. రికార్డు చేసిన రోజు టేప్‌రికార్డర్లోని బ్యాటరీలు నీరసించి ఉండవలెను. టేపు నెమ్మదిగా తిరుగుతూ రికార్డయితే, మామూలు వేగముతో వినిపించినప్పుడు గొంతు సన్నబడుతుంది. ఎంత సరిచేయాలో ఎట్లు తెలుసుకోవడము? రెండవ వైపునున్న హార్మోనియము మాకు సహాయపడింది. అదే హార్మోనియము ఆ సంఘములో ఇప్పటికీ ఉన్నది. ఆ అమ్మాయి వెళ్లి దాని మెట్లు ఒక్కొక్కటిగా నొక్కి ఫోనులో రికార్డు చేసి తెచ్చింది. ఆ స్వరముతో క్యాసెట్టులోని స్వరము కలిసేవరకు వేగము తగ్గించాము. రెండు వైపులా ఒకే రోజున, అవే బ్యాటరీలతో తీసినవి గనుక మొదటి వైపును కూడా అంతే తగ్గించాము. కోడలు విని, "ఆ, ఇప్పుడు మా అత్తే" అన్నారు.

ఇంతవరకు అంతా సరిగానే జరిగింది. పొరపాటు దీని తరువాత చేశాము.

క్యాసెట్టులోని శబ్దమును కంప్యూటరులోకి ఎక్కించి, శుభ్రము చేయడానికి కూర్చున్నాము. ఆడాసిటీ అనే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఇద్దరు మొదలుపెట్టి 2000లో బయటికి ఇచ్చారు. నేటికీ ఉచితమే. ఎవరూ మాట్లాడని చోటు రెండు మూడు సెకన్లు చూపించి, "ఇదే చప్పుడు, దీన్ని తగ్గించు" అని చెబితే, అది క్యాసెట్టు పొడుగునా ఆ 'స్' అనే హోరును వెతికి తగ్గిస్తుంది.

ఇది చేటతో బియ్యము చెరగడము వంటిది. మెల్లగా చెరిగితే పొట్టు పోయి గింజ నిలుస్తుంది. తొందరపడి గట్టిగా చెరిగితే నూకలు కూడా పొట్టుతోపాటు ఎగిరిపోతాయి. మెత్తని శబ్దములన్నీ నూకల వంటివే. మాట చివరి ఊపిరి, దూరము నుండి వచ్చిన పిలుపు, 'స', 'హ' వంటి అక్షరములు ముందుగా పోతాయి. మరీ గట్టిగా చేస్తే గొంతు నీళ్లలో నుండి పలికినట్లు గుడగుడలాడుతుంది.

మేము గట్టిగానే చెరిగాము. హోరు పోయింది. వెనుక దూరముగా బెల్లము గానుగ ఇంజను దుడుదుడుమని కొట్టుకుంటూ ఉంటే దాన్నీ తగ్గించాము. మాటల మధ్య తొమ్మిది చోట్ల ఎవరిదో దగ్గు అడ్డము వస్తూ ఉంటే, ఆ ముక్కలను కత్తిరించి, తెలియకుండా అతికించాము. చివరికి ఆ తల్లి మాట నిన్న రికార్డు చేసినట్లు వచ్చింది. మాకు చాలా సంతోషము కలిగింది. కొంచెము గర్వము కూడా.

ఆదివారము సాయంత్రము వారింటికే తీసుకొనిపోయి వినిపించాము. ఆ సహోదరుడు ఇప్పుడు వయసుమళ్లినవారు. చూపు తగ్గింది. కళ్లు మూసుకొని మొదటి నుండి చివరిదాకా విన్నారు. ఆవు ఈనిన సంగతి, వసారాకు కొత్త పెంకులు వేయించిన సంగతి, "నువ్వు సరిగ్గా తింటాండావా నాయనా" అన్న మాట, అన్నీ విన్నారు. అయిపోయిన తరువాత అన్నారు:

"మా అమ్మ గొంతు బాగుంది సార్. మా నాయన దగ్గు ఏమైపాయ?"

మాకు మొదట అర్థము కాలేదు. ఆయనే చెప్పారు. "మా నాయన ఆ డబ్బా ముందర కూచోమంటే కూచోలేదంట. మిషన్‌తో ఏం మాట్లాడేది, వాడొచ్చినాక వానితోనే మాట్లాడతా అన్నాడంట. వసారాలో మంచం మీద పండుకోని ఉండాడు. నేను కువైట్‌లో రాత్రిపూట ఈ క్యాసెట్టు పెట్టుకుంటే అమ్మ మాటల ఎనకాల ఆయన దగ్గు ఇనపడేది. ఇద్దురూ ఇంట్లోనే ఉండార్లే అనుకోని నిద్రపోయేవాణ్ని. నేనొచ్చేటప్పటికి ఆయన లేడు."

ఆ తండ్రిది ఫోటో ఒకటి ఉన్నది. గొంతు మాత్రము ఎక్కడా లేదు. ఈ భూమిమీద ఆయన శబ్దమంటూ మిగిలినది ఆ తొమ్మిది దగ్గులే. వాటిని మేము చెత్త అనుకొని తీసివేశాము.

ఆ సాయంత్రము మేము సిగ్గుపడ్డాము. అయితే ఒక్క విషయములో మేలు జరిగింది. క్యాసెట్టు నుండి మొదట ఎక్కించిన శబ్దమును, ఏమీ మార్చకుండా, వేరుగా దాచి ఉంచాము. పని అంతా దాని నకలు మీదనే చేశాము. అలా చేయకపోయి ఉంటే, ఆ క్యాసెట్టు మరొకసారి పలుకునో పలకదో ఎవరు చెప్పగలరు?

ఏది చప్పుడు, ఏది మాట అన్నది యంత్రము చెప్పలేదు. బాగుచేసేవాడు కూడా ఒక్కడే చెప్పలేడు. ఆ గొంతు ఎవరిదో, ఎవరికోసము పలికినదో వారిని అడగవలెను. గానుగ ఇంజను కూడా ఊరికే మోగలేదు. చెరకు ఆడే కాలములో తల్లి మాట్లాడినదని, ఆ ఏడు ఊరిలో బెల్లము వండినారని అది సాక్ష్యము చెబుతూ ఉన్నది.

ఇది మన ఇండ్ల సంగతి మాత్రమే కాదు. జార్జి గ్రియర్సన్ అనే దొర నడిపించిన భారతదేశ భాషల సర్వేలో, 1913 మొదలు 1929 వరకు మన దేశపు భాషలను గ్రామఫోను రికార్డులలోకి ఎక్కించారు. మద్రాసు రాజధానిలో తీసినవి, వాటిలో తెలుగువి కూడా ఉన్నాయి. ఒక భాషకు మరొక భాషకు పోలిక తెలియడానికి అందరిచేత ఒకే కథ చెప్పించాలని చూశారు. చాలామందిచేత చెప్పించినది మనకందరికీ తెలిసిన తప్పిపోయిన కుమారుని కథే. ఆ రికార్డుల ప్రతులు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చికాగో విశ్వవిద్యాలయమువారు వాటిని ఇంటర్నెట్‌లో అందరూ వినేటట్లు పెట్టారు. గీతల చప్పుడు మధ్యలో నుండి, నూరేండ్ల క్రిందటి మనిషి దూరదేశము పోయిన కుమారుని గురించి చెబుతాడు. పండితులకు అందులో భాష కావలెను. వినేవారికి ఆ మనిషి ఊపిరి తీసుకొన్న తీరు కూడా కావలెను. ఎవరికి ఏది అవసరమవుతుందో ముందుగా తెలియదు. కావున మూలమును ముట్టరాదు.

మన జిల్లా సంగీతమే చూడండి. పుంగనూరులో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లెగారు (1898–1975) పాడిన రోజుల్లో రికార్డులు లక్కతో చేసేవారు. చెట్ల మీద పురుగులు పెట్టే లక్కే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లెములో ఒక వైపున పట్టేది మూడు నిమిషములకు కొంచెము ఎక్కువ. ఎంత పెద్ద విద్వాంసుడైనా అందులోనే ముగించవలెను. లక్క పళ్లెము పాతబడితే ముల్లు దానిమీద తడబడి టపటపమంటుంది. ఒక్కొక్క 'టప్' సెకనులో వెయ్యవ వంతు, రెండు వంతులు మాత్రమే ఉంటుంది. కంప్యూటరు ఆ చోటు తీసివేసి, అటు ఇటు ఉన్న ధ్వనిని బట్టి మధ్యను నింపుతుంది. చిరిగిన చీరెకు రఫ్ఫు చేయడము వంటి పని ఇది. మితముగా చేస్తే కనబడదు. మితిమీరితే మృదంగపు దెబ్బ కూడా 'టప్' అనుకొని నున్నగా చేసివేస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాము. మీరు చేయగలిగినవి నాలుగు.

మొదటిది, కాపాడడము. క్యాసెట్లను రేకుల కప్పు క్రింద అటకమీద ఉంచకండి. మన వేసవి వేడికి టేపు వంకరపోతుంది. స్పీకరు మీద పెట్టకండి, అందులోని అయస్కాంతము మాటను చెరుపుతుంది. క్యాసెట్టు వెనుక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచివేస్తే, పొరబాటున దానిమీద మరొకటి రికార్డు కాదు. లోపల తెల్లని బూజు కనబడితే వేయకండి. టేపు, యంత్రము రెండూ పాడవుతాయి. తెలిసినవారికి చూపండి.

రెండవది, ఎక్కించడము. టేప్‌రికార్డరు ఇయర్‌ఫోను రంధ్రము నుండి వైరుతో కంప్యూటరులోకి ఎక్కించండి. స్పీకరు ముందు ఫోను పెట్టి తీయడము ఆఖరి మార్గము. ధ్వని మరీ పెంచకండి. హద్దు దాటి పగిలిన శబ్దము మరల పూర్తిగా అతకదు. దాచే ప్రతి వావ్ అనే రకములో ఉండవలెను. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు అయితే మంచిది. రెండు చానెళ్లతో గంటకు ఒక జీబీ వరకు చోటు పడుతుంది. ఎం.పి.3 రకము చిన్నది, ఫోనులో పంపడానికి సరిపోతుంది గాని, చెవికి ముఖ్యము కాదనుకొన్న దానిని అది పారవేస్తుంది. కావున దాచడానికి అది వద్దు. మూలప్రతిని రెండు వేర్వేరు ఇండ్లలో ఉంచండి.

మూడవది, బాగుచేయడము. ఎల్లప్పుడు నకలు మీదనే చేయండి. హోరును సగము తగ్గితే చాలనుకోండి. కరెంటు మీద నడిచిన రికార్డర్లలో 'మ్' అని ఒక మూలుగు వినబడుతుంది. మన దేశములో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది గనుక ఆ మూలుగు 50 దగ్గర, దాని రెట్టింపులైన 100, 150 దగ్గర ఉంటుంది. అంతమట్టుకు సన్నగా కోసివేయవచ్చును. అయితే దానిని తీసివేయకముందు ఒకసారి కొలవండి. 50కి బదులు 53 దగ్గర కనబడితే టేపు వేగము తప్పినదని తెలుస్తుంది. మాకు హార్మోనియము చేసిన సహాయమే మీకు ఆ మూలుగు చేస్తుంది.

నాలుగవది, వ్రాయడము. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరము, వెనుక ఎవరు ఉన్నారు అన్నది ఒక కాగితము మీద వ్రాసి క్యాసెట్టు డబ్బాలో పెట్టండి. మేము ఈ కాగితము ముందే అడిగి ఉంటే దగ్గును కత్తిరించి ఉండేవారము కాము.

ఇప్పుడు మన యౌవనస్థులు సంఘపు పాటలను, ప్రసంగములను ఫోనులోనే రికార్డు చేసి, పాడ్‌కాస్టులని పేరుపెట్టి ఎవరైనా ఎప్పుడైనా వినేటట్లు పంపుతూ ఉన్నారు. సంతోషము. వారికి ఒక మాట. తరువాత బాగుచేయడముకంటె ముందుగా బాగా తీయడము తేలిక. ఫ్యాను ఆపండి. మైకు నోటికి జానెడు దూరములో ఉంచండి. లౌడ్‌స్పీకరు నుండి కాక మనిషి నుండి తీయండి. గోడలు మారుమ్రోగే గదిలో నాలుగు దుప్పట్లు వ్రేలాడదీయండి, ఎందుకంటే గది మారుమ్రోత ఒకసారి మాటలో కలిస్తే విడదీయడము చాలా కష్టము. మొదలుపెట్టక ముందు పది సెకన్లు అందరూ మౌనముగా ఉండండి. హోరు తగ్గించడానికి ఆ మౌనమే కంప్యూటరుకు కొలత. మెరుగుపెట్టేటప్పుడు ముందు హోరు తగ్గించి, తరువాత గొంతును సమముచేసి, చివరను మొత్తము ధ్వనిని పెంచండి. ముందే పెంచితే హోరు కూడా పెరిగి కూర్చుంటుంది.

ఈ మధ్య కృత్రిమ మేధతో, అంటే ఏ.ఐ.తో పనిచేసే ప్రోగ్రాములు వచ్చాయి. మాటను చప్పుడును విడదీయడములో అవి మా చేతికంటె చురుకైనవి. కాని పోయినచోట తాము నేర్చుకొన్న వేరే గొంతులను బట్టి ఊహించి నింపుతాయి. అస్పష్టమైన ఒక మాట వేరొక మాటగా మారిపోవచ్చును. ఇంకొంత ముందుకు పోయి, చనిపోయినవారి గొంతుతో వారు పలకని మాటలను పలికించే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. అది బాగుచేయడము కాదు. అమ్మ అనని మాటను అమ్మ నోట పెట్టడము అబద్ధ సాక్ష్యము వంటిది. ప్రేమతో చేసినా అది అంతే.

తరువాతి వారము మేము మూలప్రతి నుండి మరల మొదలుపెట్టాము. వేగము మాత్రము సరిచేశాము. హోరు కొంచెము తగ్గించాము. గానుగను, దగ్గును అట్లే ఉంచాము. జాగ్రత్తగా వింటే, ముందు మేము గమనించనిది ఒకటి బయటపడింది. రెండవ దగ్గు తరువాత, చాలా దూరము నుండి, "అయిపాయనా?" అని ఒక మగగొంతు. మొదటిసారి మేము హోరుతోపాటు దాన్ని కూడా చెరిగివేశాము.

ఆ సహోదరుడు ఆ చోటికి వచ్చేసరికి చెయ్యి పైకెత్తారు. "మా నాయన" అన్నారు. ఆ ఒక్క మాటను మరల మరల పెట్టించుకొని విన్నారు. తన మనవరాలిని పిలిచి, "ఇదో, మీ ముత్తాత" అని వినిపించారు. కువైట్‌లో తిప్పుకొన్న ఏండ్లన్నిటిలో ఆయన దగ్గును విన్నారు గాని ఈ మాటను గుర్తుపట్టలేదట. చిన్న టేప్‌రికార్డరులో అది వినబడి ఉండదు.

ఐదు రొట్టెలతో అంతమంది తిన్న తరువాత మిగిలిన ముక్కలను కూడా ప్రభువు ఏరించారని మనము చదివి ఉన్నాము. ఈ పని చేసేటప్పుడు ఆ సంగతి మాకు తరచుగా జ్ఞాపకము వస్తూ ఉంటుంది.

మీ ట్రంకుపెట్టెలో క్యాసెట్టు ఏదైనా ఉంటే ఈ వారమే బయటికి తీయండి. దానిలో ఎవరెవరు ఉన్నారో, గొంతులను గుర్తుపట్టగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే అడిగి వ్రాసుకోండి. క్యాసెట్టు ఇంకొన్నేళ్లు ఆగగలదేమో గాని, వారు అంతకాలము ఆగకపోవచ్చును.